విశాఖ సముద్రానికి ఏ వాక్స్? సర్ఫ్‌బోర్డు మైనం కొనడం నుంచి గీకి తీసేదాకా

కాలిఫోర్నియాలో ఉండే మా బాబాయిగారబ్బాయి సెలవులకి వస్తూ నాకు సర్ఫ్‌బోర్డుకి, అంటే నిలబడి అలల మీద జారే పలకకి, రుద్దే వాక్స్ బిళ్లలు రెండు తెచ్చాడు. అట్టపెట్టె మీద ‘కూల్’ అని రాసుంది. అక్కడ వాడు రోజూ వాడేది అదే. ఏప్రిల్ నెల, రుషికొండ బీచ్, పొద్దున్న ఎనిమిదిన్నర. బోర్డుకి శ్రద్ధగా రుద్దుకుని, ఇసుకలో పెట్టి, పావుగంట టీ కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి మైనం వేడన్నంలో నెయ్యిలా కరిగి ఒక పక్కకి జారిపోయింది. అయినా పట్టువదలక నీళ్లలోకి దిగాను. మొదటి అలకి లేచి నిలబడబోతే బోర్డు ఒకవైపు, నేను ఒకవైపు.

తప్పు వాక్స్‌ది కాదు. చల్లటి సముద్రాల కోసం చేసిన సరుకుని వేడి సముద్రానికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత నాలుగైదు రకాలు కొని, పాడుచేసుకుని, ఇంట్లో వండి కూడా చూశాక నాకు అర్థమైంది ఇదీ: విశాఖలో వాక్స్‌ని నీళ్ల వేడి చూసి ఎంచుకోవడం చాలా సులువు, ఒక్క ముక్కలో తేలిపోతుంది. మన అసలు శత్రువు ఒడ్డున ఉండే ఎండ, ఇసుక. పెట్టె మీద రాసే అంకెలన్నీ నీళ్ల గురించే. ఒడ్డు గురించి ఎవరూ రాయరు కాబట్టి ఆ సంగతే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ముందు, వాక్స్ ఎందుకు?

మంచు మీద జారే స్కీలకి కూడా వాక్స్ పూస్తారు. అక్కడ అది అడుగున, ఇంకా బాగా జారడానికి. మనకి పైన, జారకుండా ఉండడానికి. ఇంకో తమాషా కూడా ఉంది. మంచు ఎంత చల్లగా ఉంటే స్కీకి అంత గట్టి మైనం కావాలి, మంచు పలుకులు గట్టిపడి గుచ్చుకుంటాయి కనక. సర్ఫింగ్‌లో నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే అంత గట్టి మైనం కావాలి. ఔలీకో గుల్మార్గ్‌కో వెళ్లొచ్చినవాళ్ల దగ్గర మిగిలిపోయిన స్కీ వాక్స్ ఉంటే దాన్ని మాత్రం సర్ఫ్‌బోర్డు దగ్గరికి రానివ్వకండి. అది పుట్టిందే జార్చడానికి.

ఫైబర్ బోర్డు పైభాగం గాజులా నున్నగా ఉంటుంది. తడిస్తే కాలు నిలవదు. వాక్స్ జిగురులా అతికించదు. చిన్న చిన్న బుడిపెలుగా నిలబడి, పాదం ఒత్తిడికి కాస్త లొంగి, కాలికి పట్టు ఇస్తుంది. మరీ గట్టిగా ఉంటే లొంగదు, జారుతుంది. మరీ మెత్తగా ఉంటే బుడిపెలు చితికి జిడ్డుగా మారతాయి, అప్పుడూ జారుతుంది. మన వంటింటి భాషలో చెప్పాలంటే పాకం కుదరాలి. ముదురు పాకమా, లేత పాకమా అన్నదాంట్లోనే ఉంది అంతా.

మొదటి మెట్టు: పెట్టె మీది మాటని నమ్మకండి, అంకె చూడండి

వాక్స్ తయారుచేసేవాళ్లు సాధారణంగా నాలుగు రకాలు అమ్ముతారు. కోల్డ్ అంటే నీళ్లు సుమారు 14, 15 డిగ్రీల కంటే చల్లగా ఉండే చోట్లకి. కూల్ అంటే దాదాపు 14 నుంచి 20 దాకా. వార్మ్ అంటే 20 అటూ ఇటూ, 24 లోపు. ట్రాపికల్ అంటే 24, అంతకు మించి. కంపెనీని బట్టి ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటుంది. కొన్ని పెట్టెల మీద 75 అని కనిపిస్తే బెంబేలెత్తకండి. అది ఫారన్‌హీట్ లెక్క, మన లెక్కలో 24.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘విశాఖలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కదా, వార్మ్ తీసుకుందాం’ అనుకుంటారు. ఆ ‘వెచ్చన’ మన వెచ్చన కాదు. 20 డిగ్రీల నీళ్లు మనకి వణుకు పుట్టించే నీళ్లు. మన తీరంలో జనవరి తెల్లవారుజామున కూడా సముద్రం సుమారు 25, 26 డిగ్రీలు ఉంటుంది. మే, జూన్ నెలల్లో 29 దాటుతుంది. అంటే ఏడాది పొడుగునా మనది ట్రాపికలే. ఈ మెట్టు ఇక్కడితో అయిపోయింది.

ఒకవేళ బిళ్ల మీద కాగితం చిరిగిపోయి ఏ రకమో తెలియకపోతే గోటితో గీరి చూడండి. నీడలో ఉన్న ట్రాపికల్ బిళ్లని గోటితో గట్టిగా నొక్కితే సన్నటి గీత పడుతుంది. కూల్ రకంలో గోరు దిగబడిపోతుంది, వేలికి జిడ్డు అంటుకుంటుంది. వెన్నకీ జున్నుకీ ఉన్నంత తేడా.

రెండో మెట్టు: అడుగు పూత లేకుండా పైపూత వద్దు

కొత్తవాళ్లు డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే, నష్టపోయేదీ ఇక్కడే. వాక్స్ రెండు పొరలు. అడుగున బేస్‌కోట్, పైన టాప్‌కోట్. బేస్‌కోట్ అన్ని రకాల్లోకీ గట్టిది. బుడిపెలని కట్టి నిలబెట్టేది అదే. టాప్‌కోట్ ఆ బుడిపెల మీద కాస్త జిగటని అద్దుతుంది, అంతే.

చల్లటి దేశాల్లో బేస్‌కోట్ లేకుండా ఎలాగోలా గడిచిపోతుందేమో, విశాఖలో కుదరదు. ఎండకి టాప్‌కోట్ మెత్తబడినా అడుగున గట్టి పొర ఉంటే బుడిపెలు కూలిపోవు, నీళ్లు తగలగానే మళ్లీ బిగుస్తాయి. కింద ఆ పొర లేకపోతే మొత్తం ఒకేసారి జారుతుంది, నా ఏప్రిల్ ముచ్చటలాగ. రెండు బిళ్లలు కొనడానికే డబ్బుంటే ఒకటి బేస్, పైపూతకి ఒకటి ట్రాపికల్ కొనండి. ఒక్కటే దొరికితే ట్రాపికల్ బిళ్లనే అడుగు పూతగా కూడా వాడొచ్చు, బాగా గట్టిది కాబట్టి. కూల్, వార్మ్ రకాలకి ఆ పని చేతకాదు.

బజారులో దొరికే కొవ్వొత్తి రుద్దితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. అందులో ఉండేది ఎక్కువగా పారాఫిన్. కాలిఫోర్నియాలో సర్ఫ్ వాక్స్ కంపెనీలు పుట్టేదాకా అక్కడి కుర్రాళ్లు కూడా జామ్ సీసాల మూతి మూయడానికి వాడే పారాఫిన్ గడ్డలే రుద్దుకునేవారు. పని కొంత జరుగుతుంది, కానీ పెళుసుగా ఊడుతుంది, జిగట ఉండదు. అత్యవసరానికి తప్ప వద్దు.

మూడో మెట్టు: మీ బోర్డు ఏదో చూసుకోండి

రుషికొండలో నేర్పేవాళ్లు మొదట చేతికిచ్చేది మెత్తటి ఫోమ్ బోర్డు. దాని పైభాగం ఇప్పటికే గరుకుగా ఉంటుంది. దానికి బేస్‌కోట్ అక్కర్లేదు. కాళ్లు పడేచోట ట్రాపికల్ పలచగా రుద్దితే చాలు. గట్టిగా అదిమితే ఫోమ్ నలుగుతుంది, జాగ్రత్త.

ఫైబర్ బోర్డులకి పైన చెప్పిన రెండు పూతలూ కావాలి. పొట్టి బోర్డయితే వెనక కాలు పడేచోట రబ్బరు ప్యాడ్ అంటించి ఉంటుంది. ప్యాడ్ మీద వాక్స్ వేయకూడదు. దాని ముందు నుంచి, బోర్డు మీద బోర్లా పడుకున్నప్పుడు మీ ఛాతీ ఆనేచోటు దాకా రుద్దండి. పొడుగు బోర్డయితే ముందుకి నడుస్తారు కాబట్టి దాదాపు ముక్కు దాకా వేయాలి. రెండింటికీ లేచేటప్పుడు చేతులు పట్టుకునే అంచుల మీద కూడా నాలుగు రుద్దులు వేయడం మరిచిపోకండి. మొదట్లో నేను జారింది కాళ్లు పట్టు తప్పి కాదు, చేతులు పట్టు తప్పి.

నిలబడి తెడ్డు వేసే బోర్డుకి పైన మెత్తటి పరుపు ఉంటుంది, దానికి వాక్స్ పనే లేదు.

నాలుగో మెట్టు: రుద్దడం

ఇంట్లో, ఫ్యాన్ కింద, ముందు రోజు రాత్రి చేసుకోవడం ఉత్తమం. బీచ్‌లో చేయాల్సిన పని కాదిది. బోర్డు పొడిగా, చల్లగా ఉండాలి. పాత మైనం, ఉప్పు, ఇసుక ఏమీ ఉండకూడదు.

బేస్‌కోట్ బిళ్లని చదునుగా కాకుండా అంచు మీద నిలబెట్టి పట్టుకోండి. ముందు ఏటవాలుగా గీతలు గీయండి, వాటికి అడ్డంగా మళ్లీ ఏటవాలు గీతలు. జల్లెడలా కనిపించాలి. ఆ గీతలు కలుసుకునే చోట్లే తర్వాత బుడిపెలు పెరుగుతాయి. ఇప్పుడు బిళ్లని తేలికగా పట్టుకుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోండి. గట్టిగా అదమకండి. అదిమితే బిళ్ల నున్నగా పరుచుకుంటుంది, బుడిపె కట్టదు. అయిదు నిమిషాలైనా ఏమీ కనిపించదు, టెన్షన్ పడొద్దు. పదో నిమిషానికి అక్కడక్కడా చుక్కలు లేస్తాయి. పావుగంటకి అరచేతితో నిమిరితే పనసకాయ తొక్కంత కాకపోయినా సీతాఫలం తొక్కంత ఎగుడుదిగుడు తగలాలి. అప్పుడు ఆపండి.

బేస్‌కోట్ అయ్యాక దాని మీద చల్లటి నీళ్లు చిలకరించి ఆరనివ్వండి, బిగుస్తుంది. టాప్‌కోట్‌ని మాత్రం నీళ్లలోకి దిగే ముందే వేయాలి. రెండు నిమిషాల పని, తేలికగా సున్నాలు చుట్టడమే. ప్రతిసారీ పొరలు పొరలుగా పులమక్కర్లేదు. ముందురోజు వేసింది ఇంకా ఉంటే, వాక్స్ దువ్వెనతో (ఒక అంచున పళ్లు, ఇంకో అంచు నున్నగా ఉండే ప్లాస్టిక్ ముక్క) అడ్డంగా గీతలు గీసి గరుకు చేసుకుంటే చాలు. ఆ దువ్వెన కొనడం దండగ అనుకున్నాను మొదట్లో. ఇప్పుడు బోర్డుకంటే దాన్నే జాగ్రత్తగా దాచుకుంటున్నాను.

ఇంకో సంగతి. తలకి కొబ్బరినూనె పట్టించి, ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకుని, అదే చేత్తో బోర్డు పట్టుకుంటే ఎంత మంచి వాక్స్ అయినా ఓడిపోతుంది. నూనె మైనాన్ని మెత్తబరుస్తుంది. ముందు వాక్స్ వేసుకుని, ఆ తర్వాత మొహానికీ మెడకీ సన్‌స్క్రీన్ రాసుకుని, చేతులు ఇసుకతో తోముకుని సముద్రంలో కడుక్కోండి. పొట్టకీ ఛాతీకీ రాసుకోకుండా పూర్తి చేతుల రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే బిగుతు చొక్కా) వేసుకుంటే ఎండ బాధా ఉండదు, మైనానికి ఒళ్లు ఒరుసుకుని ఎర్రబడే బాధా ఉండదు.

అయిదో మెట్టు: ఒడ్డున ఆ అరగంట

అసలు విషయం ఇదే.

మన తీరంలో చాలాచోట్ల ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. భీమిలి వైపు వెళ్తే మరీ ఎక్కువ. అది ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలున్న ఇసుక. నల్లది కాబట్టి ఎండని పీల్చుకుని తెల్ల ఇసుక కంటే త్వరగా కాలుతుంది. తొమ్మిది దాటాక చెప్పుల్లేకుండా నడవలేం. అలాంటి ఇసుక మీద బోర్డుని వాక్స్ పైకి పెట్టి వదిలేస్తే పైన ఎండ, కింద పెనం. అలాగని తిప్పి, వాక్స్ వైపు ఇసుకలోకి పెడితే ఇసుక రేణువులు మైనంలో గుచ్చుకుని గరుకు కాగితంలా తయారవుతాయి. ఆ రోజు మీ పొట్టా మోకాళ్లూ చూసుకోవాల్సిందే.

నేను చేసేది: పాత దుప్పటి ఒకటి తీసుకెళ్తాను, సముద్రంలో ముంచి పిండుతాను. బోర్డుని నీడలో పెట్టి పైన ఆ తడి దుప్పటి కప్పుతాను. కొబ్బరి చెట్టు నీడ కదిలిపోతుంది, నమ్మొద్దు. గోడ నీడో, ఆగి ఉన్న వ్యాన్ నీడో మేలు. నీళ్ల నుంచి నీళ్లకి మధ్య విరామం ఎంత తక్కువైతే అంత మంచిది. ఎండలో పదిహేను నిమిషాలు దాటితే దిగే ముందు ఒకసారి అరచేత్తో తట్టి చూడండి. చేతికి మైనం తెల్లగా అంటితే సముద్రపు నీళ్లు రెండు దోసిళ్లు పోసి, అర నిమిషం ఆగి, దువ్వెనతో గీసి అప్పుడు దిగండి.

అన్నిటికంటే మంచి ఉపాయం పొద్దున్నే వెళ్లడం. మే నెలలో విశాఖలో అయిదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది. ఆరింటికి నీళ్లలో ఉండి ఎనిమిదికి ఇంటిదారి పడితే వాక్స్ గురించి ఇంత చర్చే అక్కర్లేదు. గాలి కూడా అప్పుడే నెమ్మది. ఎండ ముదిరేకొద్దీ సముద్రం మీంచి గాలి లేచి అలల్ని చిందరవందర చేస్తుంది.

వానాకాలంలో ఎండ బాధ తక్కువ, అలలు పెద్దవి. బోర్డు ఎక్కువగా తడిసి ఆరుతుంది కాబట్టి టాప్‌కోట్ త్వరగా అరుగుతుంది. ఎర్రజెండా ఎగరేసినప్పుడు, అల్పపీడనం కబురున్నప్పుడు దిగొద్దు. ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహానికి మీ కాలికింద ఎంత వాక్స్ ఉందో అనవసరం.

చలికాలం సంగతి చెప్పాలి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకడుతుంది. కొబ్బరినూనె గడ్డకట్టేది సుమారు 24 డిగ్రీల దగ్గర. అంటే సీసా చూస్తే చాలు, గాలి చల్లగా ఉందని తెలిసిపోతుంది. ఆ రోజుల్లో ట్రాపికల్ బిళ్ల కాస్త మొండికేస్తుంది, రుద్దితే అంటదు. అలాగని వార్మ్ రకం కొనకండి. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. బిళ్లని అయిదు నిమిషాలు అరచేతుల్లో పట్టుకోండి, లేదా జేబులో వేసుకుని బయల్దేరండి, మాట వింటుంది.

దాచడం గురించి రెండు ముక్కలు

కారు డిక్కీలో, స్కూటీ సీటు కింద వాక్స్ వదిలేస్తే సాయంత్రానికి అది బిళ్లగా ఉండదు, పాయసంగా ఉంటుంది. సబ్బు డబ్బాలో పెట్టి ఇంట్లో చల్లటి చోట ఉంచండి. వేసవిలో నేను ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ని. ఒకరోజు అమ్మ ఆ తెల్లటి బిళ్లని చాకుతో కోయబోతూ ‘ఏట్రా ఇది, జున్నా?’ అంది. వాసన కూడా కొబ్బరి వాసనే, ఆవిడ తప్పు లేదు. అప్పటినుంచి డబ్బా మీద పేరు రాసి పెడుతున్నాను.

బోర్డుని కూడా మూసిన కారులో ఎండలో వదలకండి. మైనం సంగతి అటుంచి, లోపలి ఫోమ్ ఉబ్బి పైపొర బుడగలు లేస్తుంది. అది బాగు చేయించడం పెద్ద ఖర్చు.

ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. దిగుమతి సరుకు ధర చూశాక నాకూ ఆ ఆలోచన వచ్చింది. తేనెమైనం మనకి కొత్త కాదు, మన్యంలో తేనె తీసేచోటల్లా దొరికేదే. గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొని అమ్మే గిరిజన సహకార సంస్థ కేంద్ర కార్యాలయం విశాఖలోనే ఉంది కూడా.

అయితే నెట్‌లో దొరికే కొలతల్లో కొబ్బరినూనె ఎక్కువ. మూడు పాళ్లు మైనానికి ఒక పాలు నూనె అంటారు. ఆ లెక్క చలిదేశాలకి సరే. అక్కడ కొబ్బరినూనె గడ్డగా ఉంటుంది, ఇక్కడ ఏడాదిలో పది నెలలు నీళ్లలా ఉంటుంది. ఆ కొలతతో చేసింది నా బోర్డు మీద కాటుకలా పాకింది. తగ్గించుకుంటూ వచ్చి, 100 గ్రాముల తేనెమైనానికి 10 గ్రాముల నూనె దగ్గర ఆగాను. జిగట కోసం గుగ్గిలం పొడి కలిపి చూశాను. పూర్తిగా కరగక పలుకులు మిగిలితే పలచటి గుడ్డలో వడగట్టాల్సి వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, ఇంటి సరుకు అడుగు పూతకి చక్కగా పనికొస్తుంది, పైపూతకి జిగట చాలదు. టాప్‌కోట్ కొనుక్కోక తప్పదు.

చేసేటప్పుడు మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి వేడినీళ్లే చాలు. ఇడ్లీ గుంటల్లో పోస్తే బిళ్లలు అందంగా వస్తాయి. పాత ఇడ్లీ రేకు వాడండి, ఇంట్లో వాళ్లని అడిగి.

ఆరో మెట్టు: గీకి తీయడం

వాక్స్ బూడిదరంగుకి తిరిగి, ఇసుక పట్టి, ఎంత టాప్‌కోట్ వేసినా జారుతుంటే మొత్తం తీసేయాల్సిన వేళయింది. తరచుగా వెళ్లేవాళ్లకి రెండు మూడు నెలలకి ఒకసారి.

ఇన్నాళ్లూ తిట్టుకున్న ఎండ ఇప్పుడు పనికొస్తుంది. బోర్డుని రెండు మూడు నిమిషాలు, అంతకు మించకుండా, ఎండలో పెట్టండి. మైనం మెత్తబడగానే నీడలోకి తెచ్చి దువ్వెన వెనక అంచుతో ముక్కు నుంచి తోకకి గీకండి. కత్తులు, ఇనుప రేకులు వాడొద్దు. మిగిలిన జిడ్డుని కొబ్బరినూనె వేసిన గుడ్డతో తుడవండి. ఆ నూనె మిగిలితే కొత్త మైనం అంటదు. దానికి మన తలంటు పద్ధతే: పిడికెడు శనగపిండి చల్లి, రుద్ది, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఫోమ్ బోర్డులకి కిరసనాయిలు, పెయింటు థిన్నరు లాంటివి తగలనివ్వకండి, ఫోమ్‌ని తినేస్తాయి.

గీకిన ముక్కల్ని ఇసుకలో వదలకండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది నిజమే కానీ, ఒడ్డున ఏరేవాడికి కనిపించేది మైనం ముక్కలే. పాత పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. బిళ్ల అరిగి వేళ్లకి అందనంత చిన్నదైతే మాత్రం పారేయొద్దు. వానలకి ఉబ్బి బిగుసుకుపోయిన తలుపు అంచుకి ఆ ముక్క రుద్దితే తలుపు చక్కగా పడుతుంది. మా ఇంట్లో నా సర్ఫింగ్ వల్ల ఏదైనా ఉపయోగం ఉందని అమ్మ ఒప్పుకున్నది ఆ ఒక్కదానికే.